ఆర్‌290, ఆర్‌600ఏ గ్యాసు తీయడానికి పాత రికవరీ మిషన్ పనికొస్తుందా?

విసికూలర్_సర్వీస్

అందరికీ నమస్కారం. షాపులో ఉన్న రికవరీ మిషన్ (యూనిట్‌లోని గ్యాసుని సిలిండర్‌లోకి లాగేది) ఆర్‌22, ఆర్‌134ఏ కోసం కొన్నది. ఇప్పుడు రిపేరుకొచ్చే విసి కూలర్లలో (షాపుల్లో ఉండే అద్దం తలుపు ఫ్రిజ్‌లు) ఆర్‌290 (ప్రొపేన్) ఎక్కువైంది, ఇళ్ల ఫ్రిజ్‌లు దాదాపు అన్నీ ఆర్‌600ఏ (ఐసోబ్యూటేన్). మూడు సందేహాలు. ఆ మిషన్‌తోనే లాగొచ్చా? ఆర్‌22 రికవరీ సిలిండర్‌లోకే ఎక్కించొచ్చా? ఫ్రిజ్‌లో ఉండేది 50, 60 గ్రాములే కాబట్టి బయటికి వదిలేస్తే సరిపోతుందా? కూలర్లు ఎక్కువగా టీ కొట్లలో, స్వీట్ షాపుల్లో ఉంటాయి, రెండడుగుల్లో పొయ్యి వెలుగుతూ ఉంటుంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రాగిగొట్టం

మొదటిదానికి ఒక్కటే జవాబు: వాడొద్దు తమ్ముడూ. మిషన్ లాగలేక కాదు, బాగానే లాగుతుంది. ఇబ్బందంతా డబ్బా లోపల ఉంది. ఆన్-ఆఫ్ స్విచ్, హై ప్రెషర్ కటౌట్, మోటారు ఓవర్‌లోడు, వీటన్నిటిలో కాంటాక్టులు తెరుచుకున్న ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. లోపలి పిస్టన్ సీలో, ఫ్లేర్ నట్టో కొంచెం లీకైతే గ్యాసు అదే డబ్బాలో చేరుతుంది. ఆర్‌22 ఐతే ఏమీ కాదు. ప్రొపేన్ అంటుకోవడానికి కావాల్సిన శక్తి 0.25 మిల్లీజౌలే. స్విచ్ కాంటాక్టులో పుట్టే రవ్వ దానికి ఎక్కువే.

ఏ3 గ్యాసులకని (ఇలా తేలిగ్గా అంటుకునేవి) చేసిన మిషన్లలో స్విచ్‌లు సీలు చేసి ఉంటాయి, ఫ్యాను ముందు తిరిగి డబ్బాలో గాలి మార్చాకే కంప్రెసర్ మొదలవుతుంది. ఆ ధర పెట్టలేకపోతే చిన్న చార్జీలకు మిషన్ లేకుండా తీసే పద్ధతులు ఉన్నాయి, కింద ఎవరో ఒకరు రాస్తారు. పాత మిషన్‌ని మాత్రం హెచ్‌సీ (హైడ్రోకార్బన్, అంటే ఆర్‌290, ఆర్‌600ఏ లాంటివి) దగ్గరికి తీసుకెళ్లొద్దు.

ట్రైనింగ్‌షెడ్

రాగిగొట్టం గారు చెప్పింది నిజం. నేను "50 గ్రాములే కదా" అన్న మాట దగ్గర ఆగుతాను.

ఆర్‌600ఏ ఘనమీటరు గాలిలో 43 గ్రాములకు చేరితే అంటుకునే మిశ్రమం అవుతుంది, ఆర్‌290కి అది 38 గ్రాములు. 8 అడుగులకు 8 అడుగుల వంటింటి నేల వైశాల్యం సుమారు 6 చదరపు మీటర్లు. ఐసోబ్యూటేన్ గాలికంటే రెట్టింపు బరువు, అందుకే కిందనే పరుచుకుంటుంది. 60 గ్రాములు ఒక్కసారిగా వచ్చి నేల మీద 20 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిందనుకోండి, అది 1.2 ఘనమీటర్లు, అంటే ఘనమీటరుకు 50 గ్రాములు. గది మొత్తానికి సగటు తీస్తే ప్రమాదం లేనట్టే కనిపిస్తుంది, చీలమండ ఎత్తులో మాత్రం మండే గ్యాసు ఉంటుంది. ఆ ఎత్తులోనే ఫ్రిజ్ రిలే, కింది సాకెట్లు, గిన్నెల స్టాండు కింద పెట్టిన అగరుబత్తి ఉంటాయి.

ఆర్‌290 స్ప్లిట్ ఏసీలో 350 గ్రాముల వరకు ఉంటుంది. అది 9 ఘనమీటర్లకు పైగా గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు.

ఇంకో సంగతి, వీటికి వాసన ఉండదు. వంట గ్యాసుకు వాసన రావడానికి మెర్‌కాప్టాన్ కలుపుతారు, రిఫ్రిజిరెంట్ గ్రేడులో కలపరు. ముక్కును నమ్ముకుంటే కుదరదు. ఆర్‌22కి వాడే హాలోజన్ డిటెక్టరు కూడా హెచ్‌సీని అసలు పట్టుకోదు. హైడ్రోకార్బన్ డిటెక్టరే కావాలి. మండే పరిమితిలో 20 శాతం దగ్గరే మోగేలా పెట్టి, పని మొదలుపెట్టే ముందు నేల మీద, యూనిట్‌కీ మీ మోకాలికీ మధ్య ఉంచండి. బల్ల మీద పెడితే మోగేసరికి ఆలస్యమైపోతుంది.

టీ కొట్టు విషయం: పొయ్యి ఆర్పమని అడగడం కష్టమే, గిరాకీ టైములో ఒప్పుకోరు. అలాంటప్పుడు కూలర్‌నే ఆరుబయటికి లాగించండి. ప్లగ్గు తీయడం కూడా డిటెక్టరుతో కింద చూశాకే. అప్పటికే లీకై ఉందని అనుమానం ఉంటే పక్కనున్న సాకెట్‌ని ముట్టుకోకుండా దూరంగా ఉన్న ఎంసీబీ దించాలి. సాకెట్లోంచి ప్లగ్గు లాగినా రవ్వే పుడుతుంది.

విసికూలర్_సర్వీస్

థాంక్యూ సార్. మార్కెట్లో "ఏ2ఎల్ గ్యాసులకు పనికొస్తుంది" అని రాసి కొత్త మిషన్లు అమ్ముతున్నారు. ఆర్‌32కి ఎలాగూ ఒకటి కొనాలి. దాంతోనే ఆర్‌290 కూడా లాగితే సరిపోదా?

స్ప్లిట్_సెంటర్

సరిపోదు బ్రదర్. ఏ2ఎల్ (కష్టంగా, నెమ్మదిగా మండేవి) వేరు, ఏ3 వేరు. ఆర్‌32 అంటుకోవాలంటే గాలిలో 14 శాతం దాటాలి, ప్రొపేన్‌కి 2 శాతం చాలు. అంటించడానికి కావాల్సిన శక్తి ఆర్‌32కి ప్రొపేన్ కంటే వంద రెట్లకు పైగా ఎక్కువ. ఆర్‌32ని అంటించలేని రవ్వ ప్రొపేన్‌ని అంటించేస్తుంది. మిషన్ ప్లేటు మీద ఏ3 అనో, ఆర్‌290 అనో విడిగా రాసి ఉంటేనే వాడండి. దుకాణదారుడి నోటిమాట లెక్కలోకి రాదు.

ఆర్‌32 విషయంలో చూడాల్సింది ఒత్తిడి. 40 డిగ్రీలకు సిలిండర్‌లో 345 పీఎస్‌ఐ ఉంటుంది, 50 డిగ్రీలకు 440. ఆర్‌22కి చేసిన సిలిండర్‌లో ఎక్కించకూడదు. పైగా ఆర్‌32 మండితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, మంట కంటే ఆ పొగ ఎక్కువ చేటు చేస్తుంది. దాన్ని గాలిలోకి వదలడం గురించి ఆలోచించనే కూడదు, భూతాపంలో కార్బన్ డయాక్సైడ్‌కి 675 రెట్లు.

రాగిగొట్టం

ఇక సిలిండర్ సంగతి. దీని మీద ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

హైడ్రోకార్బన్ ద్రవం తేలిక. 30 డిగ్రీల దగ్గర లీటరు ఆర్‌22 ద్రవం 1.17 కిలోలు తూగితే లీటరు ప్రొపేన్ అర కిలో కూడా తూగదు. 12 లీటర్ల సిలిండర్ మీద "10 కిలోలు" అని ఉంటే అది ఆర్‌22 లెక్క. అందులో ప్రొపేన్ 5.8 కిలోలకే అంచుల దాకా ద్రవంతో నిండిపోతుంది. మీరు కాటా చూస్తూ ఇంకా నాలుగు కిలోలు పడుతుందనుకుంటారు. నిండిన సిలిండర్ ఎండలో వేడెక్కితే ద్రవానికి వ్యాకోచించే చోటు ఉండదు. ఒత్తిడి అమాంతం పెరిగి ముందు సేఫ్టీ వాల్వు ఊదేస్తుంది. ఊదేది మండే గ్యాసు.

లెక్క ఇలా పెట్టుకోండి: సిలిండర్ నీటి సామర్థ్యం లీటరుకు 400 గ్రాములు మించకూడదు, ఎండాకాలం 350 దగ్గరే ఆపాలి. 12 లీటర్ల దానికి 4.2 కిలోలు. ఆర్‌600ఏ కొంచెం బరువైనదే అయినా రెండిటికీ ఇదే లెక్క వాడితే తప్పు జరగదు. నీటి సామర్థ్యం, ఖాళీ బరువు సిలిండర్ కాలర్ మీద కొట్టి ఉంటాయి. రికవరీ గ్యాసుతో నూనె కూడా వస్తుంది కాబట్టి అంచుదాకా పోకూడదు.

సిలిండర్‌ని మొదటిసారి వాడేముందు తప్పకుండా వ్యాక్యూమ్ చేయాలి. లోపల గాలి ఉండగా ప్రొపేన్ ఎక్కిస్తే మొదటి నిమిషంలోనే సిలిండర్ లోపల మండే మిశ్రమం తయారవుతుంది. తర్వాత గాలి చేరిందో లేదో గేజీతో పట్టుకోవచ్చు. సిలిండర్‌ని నీడలో కొన్ని గంటలు ఉంచి, దాని ఉష్ణోగ్రత, ఒత్తిడి చూడండి. ప్రొపేన్ మాత్రమే ఉంటే 30 డిగ్రీలకు 142 పీఎస్‌ఐ, 35కి 162. ఆర్‌600ఏ ఐతే 30కి 44, 35కి 53. లోపల కొంచెమైనా ద్రవం ఉండి, గేజీ అంతకంటే 10, 15 ఎక్కువ చూపిస్తోందంటే గాలో నైట్రోజనో కలిసింది. ఆ సిలిండర్‌ని పక్కన పెట్టి గుర్తు రాయండి, అందులో ఇంకేమీ ఎక్కించొద్దు.

ఆర్‌22, ఆర్‌134ఏ ఉన్న సిలిండర్‌లో హెచ్‌సీ కలిపితే ఆ మొత్తం గ్యాసు ఎందుకూ పనికిరాదు. శుద్ధి చేసేవాళ్లు కూడా తీసుకోరు. ఆర్‌290కి ఒకటి, ఆర్‌600ఏకి ఒకటి, విడివిడిగా పెట్టుకోండి. మెడ దగ్గర ఎర్ర పట్టీ, మండే గ్యాసు గుర్తు, ఏ గ్యాసో తెలుగులో పెద్దక్షరాలతో.

వంటింటి_ఫ్రిజ్

ఫ్రిజ్‌లో ఆర్‌600ఏ తీసే వరస రాస్తున్నా. మిషన్ అక్కర్లేదు. కావాల్సినవి: పియర్సింగ్ ప్లేయరు (రాగి గొట్టానికి చిల్లు పొడిచేది) లేదా లైన్ ట్యాప్ వాల్వు, బాల్ వాల్వు ఉన్న పొట్టి హోసు, ముందే వ్యాక్యూమ్ చేసిన సిలిండర్, గ్రాముల్లో తూచే కాటా, ఐసు నీళ్ల బకెట్టు, డిటెక్టరు, 2 కిలోల పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషరు.

ఫ్రిజ్ బాగానే చల్లబరుస్తూ ఉండి, లీకు లేదని తేలితేనే ముందు 10 నిమిషాలు నడపండి. నూనె వేడెక్కి అందులో కరిగిన గ్యాసు కొంత బయటికొస్తుంది. తర్వాత కరెంటు తీసేసి మరో ఐదు నిమిషాలు ఆగండి, రెండు వైపులా ఒత్తిడి సమానం కావాలి. అప్పుడు ప్రాసెస్ ట్యూబు (గ్యాసు ఎక్కించడానికి కంప్రెసర్‌కి ఉండే పొట్టి గొట్టం) మీద ప్లేయరు బిగించి పొడవండి. ముందు సిలిండర్ వాల్వు, ఆ తర్వాతే హోసు వాల్వు తెరవాలి. సిలిండర్ ఖాళీ వ్యాక్యూమ్‌లో ఉంది కాబట్టి గ్యాసు దానంతటదే పోతుంది. మొదటి ఒకట్రెండు ఫ్రిజ్‌లకు ఐసు కూడా అక్కర్లేదు. సిలిండర్‌లో గ్యాసు చేరేకొద్దీ లాగుడు తగ్గుతుంది, అప్పుడు ఐసు నీళ్లు కావాలి. 0 డిగ్రీల దగ్గర ఆర్‌600ఏ ఒత్తిడి 8 పీఎస్‌ఐ మాత్రమే.

లీకున్న ఫ్రిజ్‌ని "ఒకసారి నడిపి చూద్దాం" అనొద్దు. ఆర్‌600ఏ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు లో సైడు (గ్యాసు కంప్రెసర్‌కి తిరిగొచ్చే తక్కువ ఒత్తిడి వైపు) వ్యాక్యూమ్‌లో ఉంటుంది, ఎందుకంటే దాని మరుగు స్థానం మైనస్ 12 దగ్గర, ఫ్రీజర్ కాయిలు అంతకంటే చల్లగా ఉంటుంది. చిల్లు లో సైడులో ఉంటే గ్యాసు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. కంప్రెసర్ ఆ గాలినీ గ్యాసునీ కలిపి నొక్కుతుంది. నడుస్తున్న కంప్రెసర్ ప్రాసెస్ ట్యూబుని ఎందుకు పొడవకూడదో కూడా ఇదే కారణం.

బయటికి వదలడం గురించి: 60 గ్రాముల లోపు ఆర్‌600ఏ ఐతే, ఆరుబయట, కాయిదా ప్రకారం వదలొచ్చని నా అభిప్రాయం. అమెరికాలో కూడా ఇళ్ల ఫ్రిజ్‌ల ఆర్‌600ఏ, ఆర్‌290లను గాలిలోకి వదలరాదన్న నిషేధం నుంచి మినహాయించారు. భూతాపం బాధ నామమాత్రం, ఓజోన్ బాధ లేదు.

ట్రైనింగ్‌షెడ్

ఆ మినహాయింపు పర్యావరణం లెక్కన ఇచ్చింది. మంట భయం లేదని ఎవరూ అనలేదు, ఆ రెండూ కలపొద్దు. ఆరుబయట అన్నారు, అపార్టుమెంట్లలో ఆరుబయట ఎక్కడుంది? బాల్కనీలోంచి హోసు కిందికి వేలాడదీస్తే కింది ఫ్లాటు వంటింటి కిటికీ. డక్టులోకి వదిలితే అన్ని బాత్రూముల గీజర్లూ అక్కడే. సెల్లారులోకి వదిలితే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, డ్రైనేజీ మూతల మీద నిలుస్తుంది. బరువైన గ్యాసు పల్లానికి పోతుంది.

వదలక తప్పదంటే: హోసు కొస నేల మీద కాకుండా గాలి ఆడే ఎత్తులో ఉండాలి. చుట్టూ 3 మీటర్లలో మంట, స్విచ్, వాహనం, మోరీ, కిటికీ ఏవీ ఉండకూడదు. వాల్వు సన్నగా తెరిచి నెమ్మదిగా వదలాలి, పక్కన మనిషి నిలబడి ఉండాలి. ఈ షరతులు కుదరని చోట సిలిండర్‌లోకే.

అసలు పని గేజీ సున్నా చూపించాక మొదలవుతుంది. ఎక్కువమంది అక్కడే ఆగిపోయి టార్చి వెలిగిస్తారు. హైడ్రోకార్బన్లు మినరల్ ఆయిల్‌లో బాగా కరుగుతాయి. గేజీ సున్నా అంటే సిస్టమ్ లోపలి ఒత్తిడి బయటి గాలితో సమానమైందని మాత్రమే, చార్జిలో చెప్పుకోదగ్గ భాగం ఇంకా కంప్రెసర్ నూనెలోనే ఉంటుంది. ప్రాసెస్ ట్యూబు కోసి టార్చి పెడితే ఆ వేడికి నూనెలోంచి గ్యాసు పొంగి ట్యూబు మూతి దగ్గరే మండుతుంది.

సున్నాకి వచ్చాక వ్యాక్యూమ్ పంపు కలపండి. దాని ఎగ్జాస్టుకి హోసు పెట్టి బయటికి తీయండి, వదలడానికి చెప్పిన షరతులన్నీ దీనికీ వర్తిస్తాయి. పంపు మోటారుకి సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటుంది, మొదలైనప్పుడూ ఆగినప్పుడూ అది రవ్వ కొడుతుంది. కాబట్టి పంపుని యూనిట్‌కి 3 మీటర్ల దూరంలో పెట్టి, దాని స్విచ్ ముందే ఆన్‌లో ఉంచి, దూరంగా ఉన్న బోర్డు నుంచి నడపండి. ముందు పంపు తిరగాలి, ఆ తర్వాతే వాల్వు తెరవాలి. ఆపేటప్పుడు వాల్వు మూసి, ఒకట్రెండు నిమిషాలు ఉత్తగా తిరగనిచ్చి ఆపాలి.

సూది 20 ఇంచుల వ్యాక్యూమ్ దాటాక వాల్వు మూసి పది నిమిషాలు గేజీ చూడండి. సూది మెల్లగా పైకి లేస్తుంటే నూనె గ్యాసు వదులుతోందన్నమాట. లీకున్నా సూది లేస్తుంది, ఐతే లీకుకి అది ఆగకుండా సున్నా దాకా పోతుంది, నూనె వదిలే గ్యాసుకి కొంత లేచి నిలబడుతుంది. కంప్రెసర్ కింద రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి, వేడి నీళ్ల గుడ్డ చుట్టండి. మళ్లీ వ్యాక్యూమ్. సూది లేవడం దాదాపు ఆగేదాకా ఇంతే. ఆఖర్న పొడి నైట్రోజన్ 2, 3 పీఎస్‌ఐ ఎక్కించి, అది బయటికి పోతుండగా పైపు కట్టరుతో కోయండి, డిటెక్టరుతో మూతి దగ్గర చూడండి. పాత అతుకుని టార్చితో కరిగించి విప్పడం అలవాటున్నవాళ్లు ఈ గ్యాసులకు ఆ అలవాటు మానుకోవాల్సిందే.

స్ప్లిట్_సెంటర్

నైట్రోజన్ మాట వచ్చింది కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. బ్రేజింగ్ కిట్‌లో ఉన్న ఆక్సిజన్‌తో లైను ఊదేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నైట్రోజన్ సిలిండర్ మోయడం బరువని అలా చేస్తారు. నూనె తడి ఉన్న పైపులోకి ఒత్తిడితో ఆక్సిజన్ పోతే పేలడానికి రవ్వ కూడా అక్కర్లేదు. హెచ్‌సీ ఆవిరి మిగిలి ఉంటే చెప్పనక్కర్లేదు.

స్ప్లిట్లలో ఔట్‌డోర్ యూనిట్ పేలడానికి పంప్ డౌన్‌లో (గ్యాసంతా ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి మూసేయడం) గాలి లోపలికి పోవడం ఒక పెద్ద కారణం. సరైన పద్ధతి: కూలింగ్ మోడ్‌లో నడుపుతూ సన్న పైపు వాల్వు అల్లన్ కీతో మూయాలి, లావు పైపు సర్వీసు పోర్టులో గేజీ చూస్తూ ఉండాలి. 5 పీఎస్‌ఐకి దిగగానే లావు వాల్వు కూడా మూసి, వెంటనే కరెంటు తీసేయాలి. సున్నా కిందికి పోనివ్వొద్దు. కంప్రెసర్ పూర్తిగా ఆగాకే ఫ్లేర్ నట్టు మీద స్పానర్ పెట్టాలి. ఇద్దరు పనిచేసేటప్పుడు ఒకరు కింద నడుపుతుండగా ఇంకొకరు పైన ఇన్‌డోర్ నట్టు విప్పేస్తే గాలి నేరుగా కంప్రెసర్‌లోకి వెళ్తుంది. వేడి, నూనె ఆవిరి, గాలి, ఒత్తిడి, ఈ నాలుగూ కలిస్తే ఆర్‌22 యూనిట్లు కూడా పేలాయి. ఆర్‌290, ఆర్‌32లలో గ్యాసే మండేది.

లీకున్న సిస్టమ్‌కి పంప్ డౌన్ చేయొద్దు. మిగిలింది సిలిండర్‌లోకి తీయండి.

విసికూలర్_సర్వీస్

చాలా తెలిసింది అందరికీ. ప్లేటు మీద ఆర్‌134ఏ అని ఉన్నా లోపల ఇంకేదో ఉన్నట్టు అనిపించే కూలర్లు వస్తుంటాయి. వాటిని ఎలా పట్టుకోవాలి?

రాగిగొట్టం

యూనిట్ ఆపి, ఉష్ణోగ్రతంతా సమానమయ్యాక ఒత్తిడి చూడు. 35 డిగ్రీలకు ఆర్‌134ఏ 114 చూపించాలి, అదీ లోపల ద్రవం మిగిలి ఉంటేనే. అంతకంటే బాగా ఎక్కువుంటే వేరే గ్యాసో, గాలో ఉంది. తక్కువుంటే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ సగం సగం కలిపిన మిశ్రమాన్ని ఆర్‌134ఏ బదులు కొట్టినవి చాలా తిరుగుతున్నాయి, వాటి ఒత్తిడి ఆర్‌134ఏకి దగ్గరగానే ఉంటుంది కాబట్టి గేజీ మోసం చేస్తుంది. అందుకే హెచ్‌సీ డిటెక్టరు ముందు పోర్టు దగ్గర ఓసారి పెట్టు. మోగిందా, ప్లేటు మీద ఏం రాసున్నా అది ఏ3 గ్యాసే అనుకుని పని చెయ్యి. తీసింది వేరే సిలిండర్‌లో పెట్టి "మిశ్రమం, తెలియదు" అని రాయి.

ఇందులో ఇంకా ఘోరమైంది నకిలీ ఆర్‌134ఏ. 2011లో ఓడల రీఫర్ (సరుకు చల్లగా ఉంచే) కంటెయినర్ల యూనిట్లు పేలి ముగ్గురు పనివాళ్లు చనిపోయారు. నకిలీ గ్యాసులో మిథైల్ క్లోరైడ్ ఉంది, అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే చాలు అంటుకునే పదార్థం తయారు చేసింది. అల్యూమినియం కాయిలున్న యూనిట్‌కి ఊరూపేరూ లేని డబ్బాలోంచి గ్యాసు కొట్టారని తెలిస్తే దాన్ని విప్పనే వద్దు.

వంట గ్యాసు కొట్టిన ఫ్రిజ్‌లూ వస్తాయి. అందులో తేమ, గంధకం ఉంటాయి, కాపిల్లరీ (లోపలి సన్న గొట్టం) మూసుకుపోతుంది. తీసేటప్పుడు జాగ్రత్తలు మాత్రం ఇవే.

తుక్కు_తూకం

సర్వీసు వాళ్లు మర్చిపోయేది ఒకటి ఉంది. పనికిరాదని తేల్చిన ఫ్రిజ్ గ్యాసు తీయకుండా పాతసామాను బండికి ఇచ్చేస్తే, అక్కడ కాపర్ కోసం పైపు గొడ్డలితో నరుకుతారు, కంప్రెసర్ గ్యాసు కట్టరుతో చీలుస్తారు. మీరు వదిలేసిన 60 గ్రాములు అక్కడ బయటికొస్తాయి. పైగా కొత్త ఫ్రిజ్‌ల గోడల్లోని ఫోమ్‌లో సైక్లోపెంటేన్ ఉంటుంది, అదీ మండేదే. యూరప్‌లో ఫ్రిజ్‌లు పిండి చేసే ప్లాంట్లలో లోపల నైట్రోజన్ నింపి నడిపేది అందుకే.

ఇచ్చేముందు గ్యాసు తీసి, వ్యాక్యూమ్ చేసి, కంప్రెసర్ నూనె వంచి, ప్రాసెస్ ట్యూబు తెరిచి ఉంచి, తలుపు మీద మార్కరుతో "గ్యాసు తీశాం" అని తేదీతో రాయండి. వంచిన నూనెని మూత బిగించిన క్యానులో పెట్టొద్దు. రోజంతా అందులోంచి గ్యాసు వస్తూనే ఉంటుంది, క్యాను ఉబ్బుతుంది. ఒకరోజు ఆరుబయట వదులు మూతతో నీడలో ఉంచి తర్వాత బిగించండి.

విసికూలర్_సర్వీస్

ఆఖరి ప్రశ్న. సిలిండర్ సైట్ నుంచి షాపుకి ఆటోలో తేవచ్చా?

ట్రైనింగ్‌షెడ్

నిలబెట్టి, తాడుతో కట్టి, గాలి ఆడే వెనక భాగంలో ఐతే తేవచ్చు. పడుకోబెట్టకూడదు. పడుకుంటే సేఫ్టీ వాల్వు ద్రవంలో మునుగుతుంది, ఊదితే ద్రవమే చిమ్ముతుంది. మూసిన కారు డిక్కీలో, వ్యానులో వద్దు. బయల్దేరే ముందు వాల్వుకి బ్లాంక్ నట్టు బిగించి సబ్బు నురగతో చూడండి, కాటా మీద పెట్టి బరువు ట్యాగు మీద రాయండి. షాపులో నేలమాళిగలో కాకుండా గ్రిల్లున్న వరండాలో, ఎండ పడని వైపు ఉంచండి. వాల్వు మరలు ఎడమ చేతివి, ఆర్‌22 హోసు పట్టదు. పట్టించడానికి అడాప్టరు వేసి ఆ హోసునే తగిలించే పని చేయకండి, హెచ్‌సీ హోసులు వేరుగా కొని ఎర్ర టేపు చుట్టి పెట్టుకోండి.